పట్టాలోని పేరు: వ్యష్టి సమష్టి వాదములును నారాయణఖేడు సీమయును

వ్యష్టి, సమష్టి యను పదములు తెలుగు పండితులకు క్రొత్తవి కావు. సదానందయోగీంద్రుని వేదాంతసారమును చదివినవారందఱకు వనవృక్షదృష్టాంతము పరిచితమే. చెట్లన్నింటిని కలిపి యొకటిగా జూచినపుడు వనమనియు, విడివిడిగా జూచినపుడు వృక్షములనియు వ్యవహారము. భేదము చూపునందేగాని వస్తువునందు లేదు. కావున నచ్చట వనమునకును వృక్షమునకును తగవు పుట్టుటకు వీలులేదు. ఈ పదములే రాజనీతితత్త్వమున బ్రవేశించిన పిదప తగవే ప్రధానమైనది. ఏలయన వనము తన మేలునకై యొక చెట్టును నఱకుమని యాజ్ఞాపింపజాలదు; సంఘమో, యట్టి యాజ్ఞ నిచ్చుటకు శక్తిగలది. వేదాంతమునుండి పదములను దెచ్చుకొన్నవారు దృష్టాంతమందలి శాంతినిగూడ వెంట దెచ్చుకొన్నట్లు భ్రమపడుట కలదు. ఆ భ్రమ మొదటనే తొలగుట మంచిది.

వ్యక్తి యను పదమునకు మఱియొక వంశావళి గలదు. పదమునకు అర్థము వ్యక్తియా, ఆకృతియా, జాతియా యని నైయాయికులు చర్చించిరి. వారి మతమున గోవ్యక్తి యన కంటి కెదుట నిలిచిన యీ యావు, గోత్వము జాతి. అనగా వ్యక్తికి ప్రతిగా నిలుచునది జాతి. ఆ శాస్త్రకారులు పదార్థవిచారమునందు జెప్పిన యీ మాట తెలుగుదేశపు పల్లెలయందు, జాతి శబ్దము కులవాచకమైన తరువాత, వారు తలపని యర్థమున నిజమైనది. ఊరిలో నొక మనిషి యెవడని యడిగినచో మొదట వచ్చు సమాధానము వాని జాతి, పేరు తరువాతిది. కొందఱి విషయమున పేరు వ్రాతలోనికి వచ్చుటయే లేదు. భూమిపత్రములలో నెవరి పేరున్నది, ఎవరి పేరు లేదు అను ప్రశ్న ననుసరించి నడచిననే యీ వాదముయొక్క చరిత్ర తెలుగునేలపై నెట్లు జరిగినదో స్పష్టమగును.

ప్రాచీన రాజనీతియందు స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము అనునవి రాజ్యమునకు సప్తాంగములు. వీనియందు మనిషి ప్రత్యేకాంగము కాడు, జనపదమున నంతర్భూతుడు. బద్దెన నీతిశాస్త్రముక్తావళియు, మడికి సింగన సకలనీతిసమ్మతమును రాజునకు జెప్పిన నీతులు. ప్రజ వానియందు రక్షింపదగినదిగా గనబడునుగాని హక్కు నడుగునదిగా గనబడదు. అట్లని రాజునధికారమునకు నెల్లయే లేకుండెనని చెప్పుటయు సరికాదు. కాకతి గణపతిదేవుడు క్రీ.శ. 1244 నందు మోటుపల్లి రేవున వేయించిన యభయశాసనము దీనికి సాక్ష్యము. గాలివానకు జిక్కి యొడ్డునబడిన యోడలలోని సరకును పూర్వపు రాజులు బలాత్కారముగా గైకొనుచుండిరనియు, తాను నియతమైన సుంకముమాత్రమే గ్రహించి తక్కినది విడిచెదననియు నా రాజు ప్రకటించెను. పరదేశి వర్తకుని సొత్తునకు రాజు తన చేతిని తానే కట్టుకొనుట యది. వ్యక్తిస్వాతంత్ర్యమను పేరు దానికి లేకున్నను పని యదియే.

అగ్రహారదానశాసనములలో మఱియొక విశేషము గలదు. ఊరు సమష్టిగా మహాజనుల కీయబడును. కాని యది వృత్తులుగా భాగింపబడి, యే వృత్తి యెవరిదో గోత్రనామములతో వరుసగా వ్రాయబడును. ఊరి వ్యవహారము ఉమ్మడి, పాలు ఎవరిది వారిది. సమష్టికిని వ్యష్టికిని పొత్తు కుదిరిన చక్కని యేర్పాటిది. అయితే శిలాఫలకముపై వృత్తిదారుల పేర్లు పదులకొలది యుండును. ఆ మడులను దున్నినవారి పేర్లుండవు.

ఐరోపాఖండమున వ్యక్తివాదమను పేరు నా వాదమును మెచ్చినవారు గాక నిందించినవారు మొదట బెట్టిరి. ఫ్రాన్సు దేశపు విప్లవానంతరమున, పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమందు, సంఘము పొడిపొడియై రాలిపోవుచున్నదని వగచినవారు దానిని వాడుకలోనికి దెచ్చిరి. 1840 నందు వెలువడిన గ్రంథభాగమున టాక్విల్ దానిని విమర్శించుటకే చేపట్టెను. 1859 నందు మిల్లు స్వాతంత్ర్యమునుగూర్చి వ్రాసిన గ్రంథము రాజ్యముయొక్క పీడనమునకే గాక సంఘాభిప్రాయముయొక్క పీడనమునకుగూడ నెల్ల గీయ బ్రయత్నించినది. ఆవలిపక్షమువారు, ఆస్తిలేనివానికి స్వాతంత్ర్యము ఒట్టి మాటయనియు, ఉత్పత్తిసాధనములు ఉమ్మడియైననేగాని వ్యక్తి విముక్తుడు కాడనియు వాదించిరి. ఉభయవాదములును తెలుగునాటికి పుస్తకరూపముననే వచ్చినవి. ఇచ్చట వానికి బరీక్ష భూమియే పెట్టినది.

ఈ పరీక్షను జూచుటకు కృష్ణాగోదావరుల మాగాణులను విడిచి నారాయణఖేడు సీమకు వచ్చుట యుచితము. మంజీరానది బాలాఘాటు కొండలయందు బుట్టి, ఆగ్నేయముగా బీదరు ప్రాంతమును దాటి వచ్చి, సంగారెడ్డి చేరువ నుత్తరమునకు దిరిగి, నిజాంసాగరముమీదుగా గోదావరిని జేరును. ఆ వంపులోపలిది నారాయణఖేడు. నది మూడువైపుల జుట్టినను ఆ నేలలో నధికభాగము వానమీద నాధారపడిన ఖుష్కియే: జొన్న, కంది, పెసర, మినుము, ప్రత్తి. నిజాము పాలనమున నీ తాలూకా బీదరు జిల్లాలోనిది. తెలుగు, కన్నడము, మరాఠీ మూడును వినబడు జిల్లా యది. 1956 నాటి రాష్ట్రపునర్విభజనచట్టముచే జహీరాబాదు తాలూకా నిర్ణా సర్కిలు మినహాగాను, బీదరు తాలూకాలోని న్యాల్కలు సర్కిలును, నారాయణఖేడు తాలూకాయు తెలుగు రాష్ట్రమున జేరి మెదకు జిల్లాలో గలిసినవి. 2016 నందు సంగారెడ్డి జిల్లా యేర్పడగా నారాయణఖేడు దానిలోనిదైనది. నేలయందు లేని మార్పు, నేలను బాలించు పేరులయందు నాలుగుమాఱులు జరిగిన సీమలు సరిహద్దున నిట్టివి పెక్కు గలవు.

హైదరాబాదు సంస్థానపు భూమిలో సుమారు నూటికి 60 పాళ్లు ప్రభుత్వమునకు నేరుగా శిస్తు చెల్లు ఖాల్సా భూమి; 30 పాళ్లు జాగీరులు; 10 పాళ్లు నిజాము సొంత ఖర్చునకు విడిచిన సర్ఫేఖాసు. బీదరు జిల్లాలో పైగా ప్రభువులవియు నితరులవియునగు జాగీరులు విస్తారముగా నుండెను. ఖాల్సా గ్రామములందు పట్టాదారు, అతని వెనుక షిక్మీదారు, అతని వెనుక అసామీషిక్మీ యని హక్కులు మెట్లుమెట్లుగా నుండెడివి. చివరిమెట్టువానిది సాగు, మొదటిమెట్టువానిది పేరు. జాగీరు గ్రామములలో పెక్కింట నీపాటి లెక్కయు సరిగా లేదు.

ఇక వెట్టి. వెట్టిచాకిరి నిచ్చినది మనిషి కాదు, కులము. ఊరికి వచ్చిన యధికారికి కట్టెలు కొట్టవలసిన వంతు యొక కులమువారిది, నీరు మోయవలసిన వంతు యొకరిది, కబురు తీసికొనిపోవలసిన వంతు మఱియొకరిది. ఇంటిలో నెవడు పోయినను సరియే. ఎవడో యొకడు పోవలెను. ఇందు వ్యక్తి లేడు. సమష్టి సంపూర్ణముగా నున్నది, కాని యది భారము పంచుకొనుటకే యున్న సమష్టి. పశ్చిమదేశములందు వ్యక్తివాదము సంఘమునుండి విడివడిన మనిషిని జూచి పుట్టినది. ఇచ్చట మనిషి యింకను పుట్టనేలేదు. ఈ భేదమును గమనింపక ఆ దేశపు వాదమును యథాతథముగా నిచ్చటికి దించిన రచనలు తెలుగున గొన్ని గలవు. అవి చదువుటకు సొగసుగా నున్నను నేలకు దగులవు.

మనిషి తన పేరు తాను పొందుట కిచ్చట సంఘమే సాధనమైనది. ఇదియే ఈ సీమ చరిత్రలోని చోద్యము. నారాయణఖేడునకు దూర్పున జోగిపేటయందు 1930 మార్చి నెలలో ప్రథమాంధ్రమహాసభ సురవరము ప్రతాపరెడ్డి యధ్యక్షతను జరిగినది. ఆ సందర్భముననే నడింపల్లి సుందరమ్మ యధ్యక్షురాలుగా ఆంధ్రమహిళాసభయు గూడినది. మొదట విద్యావంతుల సంస్కరణసభగా నున్న యీ సంస్థ 1944 నందు భువనగిరి సభనుండి రావి నారాయణరెడ్డి ప్రభృతుల నాయకత్వమున రైతుల సంస్థగా మాఱినది. పల్లెలలో దానికి "సంగము" అని పేరు. తెలుగు మాటలలో నింత బరువు నంతటి స్వల్పకాలమున మోసినది మఱియొకటి లేదు. 1946 మొదలు 1951 వఱకు సాగిన సాయుధపోరాటము నల్లగొండ, వరంగల్లు, ఖమ్మము ప్రాంతములయందు గేంద్రీకృతమైనది. మంజీరవంపులోని యూళ్లు దాని నడిబొడ్డున లేవు. కాని దాని ఫలితములైన శాసనములు వానిపైనగూడ బడినవి.

ఆ పోరాటమునుగూర్చి రాజనీతితత్త్వజ్ఞులు తగినంత శ్రద్ధతో జూడని సంగతి యొకటి గలదు. దానిని నడపినవారు సమష్టివాదులు. ఆస్తిని సంఘపరము చేయుట వారి సిద్ధాంతము. అయినను దొరలనుండి తీసికొన్న భూమిని వారు ఉమ్మడిసాగునకు బెట్టలేదు. కుటుంబములవారీగా పంచిరి. దొర యుంచుకొనదగిన భూమికి మొదట 500 ఎకరములనియు, పిదప 200 అనియు, 100 అనియు మితి దగ్గించుచు వచ్చిరి. రైతు యడిగినది తన పేర చేను. సిద్ధాంతము వేఱుగా జెప్పినను వారు దానినే ఇచ్చిరి. ఇది సిద్ధాంతమునకు ద్రోహమని కొందఱును, ఎత్తుగడ యని కొందఱును జెప్పుదురు. ఈ రెండు వ్యాఖ్యలకంటె సరళమైనది, వెట్టియందలి సమష్టిని తరతరములు మోసినవానికి మొదట గావలసినది విడిగా నిలుచుటకు జాగాయని గ్రహించుట.

1949 ఆగష్టు 15 వ తేదీని జాగీరుల రద్దు శాసనము వెలువడినది. 1950 నాటి కౌలుదారీ చట్టము రక్షితకౌలుదారు నొక హక్కుదారుగా గుర్తించినది. 1954 సవరణచే జేరిన 38-ఇ ప్రకరణము ఆ కౌలుదారును యజమానిగా జేయుటకు దారి తెఱచినది. చట్టముచే బేరు వచ్చినవారు వచ్చిరి. చట్టము రాకమునుపే తమంతట "వదలుకొన్నట్లు" వ్రాసియిచ్చి వెడలిపోయిన కౌలుదారులు సంస్థానమంతట గలరు. పేరు వ్రాయు కలము పట్వారీ చేతిలో నుండినంతకాలము చట్టముయొక్క వాక్యమునకు సగమే బలము.

1951 ఏప్రిలు 18 వ తేదీని పోచంపల్లియందు, హరిజనులు 80 ఎకరములు కావలెనని వినోబాభావే నడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు దానమిచ్చుటతో భూదానోద్యమ మారంభమైనది. దాని రెండవమెట్టు గ్రామదానము. 1952 నందు ఉత్తరప్రదేశములోని మంగ్రోఠు గ్రామముతో నది మొదలైనది. భూస్వామ్యమంతయు గ్రామమునకు జెందుట దాని తత్త్వము. భూదానముననున్న దాత, గ్రహీత అను ఇరువురు మనుష్యులు గ్రామదానమున మాయమై గ్రామ మొక్కటియే మిగులును. భావము మహోన్నతము. తెలుగుజిల్లాలలో నది దూరము పోలేదు. నిన్నమొన్ననే పేరు పట్టాలోనికెక్కిన రైతు దానిని తిరిగి చెఱిపివేయుట కిష్టపడకపోవుటలో ఆశ్చర్యపడదగినది లేదు.

ఈ విచారమునకంతకు మెఱుగైన ఘట్టము 1959 లో వచ్చినది. ఆ యేటి జనవరిలో నాగపురి కాంగ్రెసు మహాసభ, భావివ్యవసాయము సహకార సమష్టి సేద్యముగా నుండవలెనని తీర్మానించినది. రైతులు భూములను గలిపి సాగుచేయుదురు. స్వామ్యము ఎవరిది వారికే యుండును. భూమి ననుసరించి ఫలములో బాలు వచ్చును. పనిచేసినవారికి పని ననుసరించి పాలు. మూడేండ్లలో సేవాసహకారసంఘములు స్థాపింపవలెనని మొదటి మెట్టు. దీనిని బ్రతిఘటించినవారిలో ముఖ్యుడు గుంటూరు మండలము నిడుబ్రోలునందు 1900 లో జన్మించిన గోగినేని రంగనాయకులు, అనగా ఆచార్య రంగా. ఆక్సుఫర్డున జదివి, 1936 నాటి అఖిలభారత కిసానుసభ స్థాపకులలో నొకడై, జమీందారీలపై పోరాడిన నాయకుడాతడు. ధనికుల పక్షపాతియని యాతని నొక్కమాటతో ద్రోసివేయుట చరిత్ర కాదు. ఆతడు కాంగ్రెసును విడిచి, రాజగోపాలాచారి ప్రభృతులతో గలిసి యదే సంవత్సరమున స్వతంత్రపక్షమును స్థాపించి దాని కధ్యక్షుడయ్యెను. 1967 ఎన్నికలలో నా పక్షమునకు లోకసభయందు 44 స్థానములు వచ్చినవి. 1974 నందది భారతీయ లోకదళమున లీనమైనది.

రంగా వాదముయొక్క మర్మము చేని గట్టులో నున్నది. కాగితముపై స్వామ్య ముంచి గట్టును దీసివేసినచో, కొన్నియేండ్లకు స్వామ్యము కాగితముగనే మిగులును. రైతు తన చేలో తానే కూలివాడగును. సేద్యపు నిర్ణయములు సంఘకార్యదర్శి చేతికిని, వానినుండి ప్రభుత్వోద్యోగి చేతికిని బోవునని యాతని భయము. రష్యాలో సమష్టిక్షేత్రములపేర జరిగిన బలాత్కారము నాటికి లోకవిదితమే గనుక యీ భయము నిర్హేతుకము కాదు. ఆ రోజులలోనే తెలుగున మఱియొక వ్యక్తివాదధారయు నుండెను. మానవేంద్రనాథరాయి 1946 నందు ప్రకటించిన యిరువదిరెండు సూత్రములలో వ్యక్తియే సంఘమునకు మానదండమని స్థాపించి, 1948 లో తన పక్షమునే రద్దుచేసెను. త్రిపురనేని గోపీచందు, అబ్బూరి రామకృష్ణారావు, ఆవుల గోపాలకృష్ణమూర్తి మున్నగువారు ఆతని భావములచే బ్రభావితులైరి. రాయి చెప్పిన వ్యక్తి హేతుబుద్ధిపై నిలుచువాడు. రంగా చెప్పిన వ్యక్తి తన నేలపై నిలుచువాడు. రెండవవానిని జూపుట సులభము.

కాని యాతనిని దగ్గఱకు బోయి చూచినచో ఆతడు వ్యక్తియే కాడు. రంగా రక్షింపగోరినది రైతుకుటుంబము. పొలముపై తండ్రి, భార్య, కొడుకులు, కోడండ్రు, కూతులు పనిచేయుదురు. పట్టాలో నొక్క పేరే యుండును. ప్రభుత్వమునకు ప్రతిగా నిలిచినపుడు కుటుంబము వ్యష్టి. తన లోపలివారికి ప్రతిగా నది సమష్టి. వ్యష్టిసమష్టివాదులిరువురును ఈ నడిమిదానిని లెక్కకు దేలేదు. అట్లే రంగా వాదమునకు మూలమైన కృష్ణాతీరపు స్వతంత్రరైతు, 1855 నాటికి ముగిసిన కృష్ణా యానకట్ట నీటిపై నిలిచినవాడు. ఆ కాలువను దవ్వించినది రాజ్యము. దాని నీరు ఉమ్మడిది. గట్టు రైతుదేకాని గట్టులోనికి వచ్చిన నీరు రైతుది కాదు. మంజీరవంపులోని ఖుష్కిరైతునకు నీ యుమ్మడి యాధారమును లేదు.

సమష్టివాదమువైపు మొగ్గిన ప్రభుత్వమును తుదకు కుటుంబమునే కొలతగా గైకొన్నది. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణచట్టము ఐదుగురివఱకుగల "కుటుంబము" నొక ప్రమాణముగా జేసి, మాగాణికి 10 మొదలు 27 ఎకరములవఱకును, మెట్టకు 35 మొదలు 54 ఎకరములవఱకును భూమి తరగతి ననుసరించి మితి నిర్ణయించినది. కుటుంబములోపల ఎవరిది ఎంతయను ప్రశ్న దానికి లేదు. ఆ ప్రశ్న 1985 లో వచ్చినది. ఆ యేటి హిందూవారసత్వ సవరణచే ఆంధ్రప్రదేశమున నవివాహితలగు కూతులకు కొడుకులతోపాటు పుట్టుకచేతనే ఉమ్మడి యాస్తియందు పాలు గలిగినది. కేంద్రచట్టము 2005 నందు గాని యీ త్రోవకు రాలేదు. కుటుంబమను కోటకు లోపలినుండి తలుపు తీసిన చట్టమిది. అయితే ఆస్తియున్న కుటుంబములోని కూతునకే దీనివలన నేదైన ప్రాప్తించును. భూమిలేని దళితకుటుంబపు స్త్రీకి పాలిమ్మనుటకు లోపల నేమియు లేదు.

నారాయణఖేడునకు దక్షిణమున, మంజీర కావల, జహీరాబాదు సీమలో నిట్టి స్త్రీల నడుమ 1983 నుండి జరిగిన పని యీ చర్చకు గ్రొత్త వెలుగు దెచ్చినది. పస్తాపురమునందలి దక్కను అభివృద్ధిసమితి చుట్టుపట్ల గ్రామములయందు స్త్రీలసంఘములను గూర్చినది. అందలివారిలో నధికులు దళితులు. సంఘములవారు కొలదిమంది చొప్పున గూడి, పడావుపడిన భూములను కౌలునకు బట్టి, కలిసి దున్ని, కలిసి కోసి, పంటను పంచుకొనిరి. మఱికొందఱు షెడ్యూల్డుకులముల సహకారసంస్థ పథకముచే, సగము సహాయముగాను సగము అప్పుగాను వచ్చిన ధనముతో, భూమిని గొనిరి. ఇచ్చట వారు చేసిన యేర్పాటు శ్రద్ధతో గమనింపదగినది. కొన్న భూమిని సమానముగా భాగించి ఒక్కొక్క స్త్రీ పేర రిజిస్టరు చేయించుకొనిరి. సాగుమాత్రము ఉమ్మడిగా జేసిరి. జొన్నచేలో కంది, పెసర, అనుములు మున్నగు పెక్కు పంటల నొకటిగా విత్తు పాతపద్ధతి వారిది. పనికి వచ్చు చేతులెక్కువ, ఎడ్లు తక్కువ, విత్తనము తమ యింటిది యైనచోట నుమ్మడిసాగు సుకరము.

పేరు విడిగా, సాగు కలిసి. ఇది 1959 నాటి నాగపురి తీర్మానముయొక్క యాకారమే. అచ్చట భయము పుట్టించిన యాకారమే యిచ్చట కోరి తెచ్చుకొనబడినది. కారణము దూరమున వెదకనక్కఱలేదు. గట్టుగల రైతును గట్టు తీయుమనుట వేఱు. ఎన్నడును గట్టెఱుగనివారు గట్టు లేకయే మొదలుపెట్టుట వేఱు. మొదటివానికి సమష్టి యొక తగ్గుదల. రెండవవారికి సమష్టియే తమ పేరును మొట్టమొదట పత్రముమీదికి దెచ్చినది. ఒంటరిగా బోయిన స్త్రీకి కౌలిచ్చువాడు లేడు, అప్పిచ్చు కార్యాలయము లేదు. పదిమంది కలిసి పోయినపుడు పదిపేర్లు వ్రాయబడినవి. నాగపురి తీర్మానము పైనుండి వచ్చినది. యిది ఒకరి నొకరెఱిగిన కొలదిమంది యొడంబడిక. రంగా భయపడిన కార్యదర్శి యిచ్చట లేడు. ఈ భేదములను విడిచి "సమష్టిసేద్యము మంచిదా చెడ్డదా" యని ప్రశ్నించుట, వర్షము మంచిదా చెడ్డదా యని మాసము చెప్పక యడుగుటవంటిది.

ఆ సంఘములే నడపిన ధాన్యనిధి యింకొక మెట్టు. పడావుభూమి గల చిన్నరైతునకు దున్నకమునకును ఎరువునకును ముందుగా సొమ్ము నిత్తురు. అతడు దానిని కొన్నియేండ్లపాటు జొన్నలరూపమున దీర్చును. ఆ జొన్నలు ఊరిలోనే నిలువచేసి యూరి బీదలకు దక్కువ ధరకు నమ్ముదురు. ఎవరు బీదలో నిర్ణయించునది తహసీలుకచేరి కాదు. ఊరివారే గూర్చుండి నిర్ణయింతురు. ప్రభుత్వపు చౌకదుకాణమునకు వచ్చు బియ్యము మంజీరవంపు నేలలో బండినది కాదు. ఈ జొన్న యచ్చటిది. 2019 నందు ఐక్యరాజ్యసమితి యభివృద్ధిసంస్థవారి ఈక్వేటరు బహుమానము ఈ సంఘములకు వచ్చినది. బహుమానముకంటె, ధాన్యము నిచ్చినవాడును, పుచ్చుకొన్నవాడును ఒకే యూరివాడై యుండుట యీ చర్చకు బనికివచ్చు సంగతి.

ఇట్లని సంఘము చిన్నదైనచో నంతయు సరియగునని తలపరాదు. ఊరికంటె బెద్దదియైన సమష్టి యొకటి సదా యున్నది. దానిని మంజీరాజలము చూపును. 1923 లో నారంభమై 1931 లో ముగిసిన నిజాంసాగరపు నీరు నిజామాబాదు జిల్లా వరిచేలకును చెఱకుచేలకును బోయినది. 1980 దశకమున సింగూరువద్ద కట్టిన యానకట్ట సుమారు 30 శతకోట్ల ఘనపుటడుగుల నీరు నిలువజేయును. హైదరాబాదు నగరమునకు ద్రాగునీరిచ్చుట దానికి ప్రధానోద్దేశములలో నొకటి. నగర మొక సమష్టి. దాని దాహమును బొంకు కాదు. కాని మునిగిన భూములు మాత్రము ఒక్కొక్కరివి. వానిని దీసికొన్నది "ప్రజాప్రయోజనము" అను పదము. 1894 నాటి భూసేకరణచట్టము పరిహారము నిచ్చినది భూమిపై హక్కును రుజువుచేయగలవానికి; అనగా పేరున్నవానికి. మునిగిన చేలో కూలిచేసినవానికిని, చీటిలేని కౌలుదారునకును ఆ పదములో జోటు లేదు. 1978 నందలి నలువదినాల్గవ సంవిధానసవరణచే ఆస్తిహక్కు ప్రాథమికహక్కులనుండి తొలగి సాధారణచట్టపు హక్కుగా మిగిలినది. పెద్దభూస్వామి తన భూమిని సంస్కరణనుండి కాపాడుకొనుట కా హక్కును వాడుకొన్నమాట నిజము. అది తొలగగా చిన్నరైతు కవచమును సన్నగిల్లినమాటయు నిజమే. సమష్టిపక్షమువారు మొదటిదానిని, వ్యక్తిపక్షమువారు రెండవదానిని మాత్రమే చెప్పుచుందురు.

2013 నాటి క్రొత్త భూసేకరణచట్టము నష్టపడిన కుటుంబములలో కౌలుదారులను, వ్యవసాయకూలీలను జేర్చినది. వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబము విడిచిన స్త్రీలను వేఱువేఱు కుటుంబములుగా లెక్కింపుమన్నది. చట్టభాషలో నొంటరిమనిషి తానొక్కతెయే కుటుంబమగుట యిదియొక వింత. కాని దానికి బూర్వపు నూటయిరువదేండ్ల చట్టములో నామె లేనేలేదు.

తెలంగాణ రాష్ట్రము 2018 నందు పాతలెక్కలను సరిచూచి పట్టాదారులకు క్రొత్త పుస్తకములిచ్చి, రైతుబంధు పేర ఎకరమునకు పంటకాల మొక్కింటికి 4,000 రూప్యముల చొప్పున నేరుగా పంచినది. మధ్యవర్తి లేకుండ రాజ్యము మనిషిని బేరుపెట్టి పిలిచి యిచ్చుట యీ నేలపై నదివఱ కెఱుగని వింత. సంఘముద్వారా తన పేర భూమి గొన్న దళితస్త్రీకి ఆ సొమ్ము తన పేరనే చెల్లదగినదైనది. కౌలుదారులు మాత్రము దానిలో లేరు. అప్పులకొఱకు కౌలుదారులకు గుర్తింపుకార్డు లీయవలెనన్న 2011 నాటి చట్ట మున్నను ఈ పంపకమునకు బట్టాయే యాధారము. అందుచే సంఘపుస్త్రీలు పడావును విప్పి కౌలునకు దున్నిన చేలపై వచ్చు సొమ్ము, ఆ చేలను పడావుపెట్టినవాని ఖాతాకే చేరవలసినదయ్యెను.